ఏకగ్రీవం

రాతపుస్తకం నా దగ్గరుంటుంది.
సంఘంలో ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే.
పెట్టెకు మూడు తాళాలు.
ఒక చెవి ఉరుకుందమ్మ తాళిబొట్టు పక్కన,
ఒకటి మాబున్ని వక్కాకు తిత్తిలో,
మూడోది తిక్కమ్మ యాడ పెట్టిందో ఆమెకే తెల్వదు.
ప్రతి మంగళారం వెతుకులాటతోనే మీటింగు మొదలు.

ముందరి తీర్మానాలన్నీ అప్పులే.
గోకారమ్మ మొగుని కాలుకు కట్టు.
ఉల్లినారు.
ఆ ఉల్లి ధర పడి, కోత కూలి కూడా రాక
చేన్లోకి గొర్రెలను తోలిన ఏడు
మళ్లీ ఉల్లినారుకే.

పద్నాలుగోది రాసిన పొద్దు వాన.
బడి వరండాలో ముడుక్కొని కూర్చున్నాం.
కిటికీలోంచి హాజరుపట్టీ కనిపిస్తాంది:
కార్తీకం దాటితే చాలు, పేరు పేరుకూ ఎర్రసిరా.
"అవి మిరప్పండ్లు" అంది మాబున్ని.
ఎవరూ నవ్వలేదు.
కోసిగి స్టేషన్లో మూటల మీద కూర్చోబెట్టి
గుంటూరు పక్కకు మనమే ఎక్కిస్తిమి గదా వాళ్లను.
గోకారమ్మ కూతురు రంగవేణి
పోయినేడు తిరిగొచ్చి పలక పట్టుకుంటే
వేళ్ల మంటకు అక్షరం వంకరపోయింది.
ఆ పిల్ల ఏడ్చింది మంటకు కాదు,
వంకరకు.

రాసినా:
పిల్లోల్లు ఊర్లోనే ఉండి చదివేదానికి
ఆరు నెలలు బడిలోనే కూడూ పడకా కావాలని
పంచాయతీని అడగడానికి
సభ్యులందరూ ఏకగ్రీవంగా...

"ఏకగ్రీవమంటే ఏందమ్మే?" తిక్కమ్మ.
గ్రీవమంటే మెడ అత్తా. అందరిదీ ఒకటే మెడ అని.
"ఒకటే అయితే పిసికేదానికి సులువు గదా.
పదమూడు మెడలని రాయి."
కొట్టేసి రాసినా. ఆ కొట్టివేత ఇప్పటికీ ఉంది.

ప్రతిపాదించిన పేరు నాగేంద్రమ్మది.
ఆమె మా సర్పంచి.
ఆడోళ్ల సీటు వచ్చిన ఏడు
పెద్దమనుషులు సొసైటీ గోడౌను అరుగు మీద కూర్చుని
ఆమెను ఏకగ్రీవం చేసినారు.
అప్పుడు ఆమె ఇంట్లో కొర్రలు దంచుతా ఉండె.
సంతకానికి కాయితం ఇంటికొస్తుంది, కుర్చీ రాదు.
కుర్చీలో ఆమె మొగుడు, "సర్పంచి సారు".
మా చాప మీద మాత్రం
ఆమె ఏడో నంబరు సభ్యురాలు, పది రూపాయలు బాకీ.

గ్రామసభ నాడు పుస్తకం పట్టుకొని నిలబడ్డా.
చదువుతుంటే కాయితం వణికింది, గొంతు కాదు.
లేదు, గొంతు కూడా.
సారు నవ్వినాడు: "మా ఇంటామె ఎప్పుడు చెప్పింది ఇది?"
వెనక, టీ గ్లాసుల పళ్లెంతో నాగేంద్రమ్మ.
పళ్లెం కింద పెట్టింది.
అతను లేస్తాడేమో అని చూసినాం. లేవలేదు.
ఆమె బడిలోకి పోయి
ఒకటో తరగతి బల్ల ఒకటి ఈడ్చుకొచ్చి
కుర్చీ పక్కనేసి కూర్చుంది,
మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా.
"మంగళారం చెప్పినా" అంది,
మెడ ఎత్తి.

అర్జీ కర్నూలుకు పోయింది. జవాబింకా రాలేదు.
రైలు మాత్రం వచ్చింది.
మాలో సగం మంది ఎక్కిరి.
పిల్లోల్లు పందొమ్మిది మంది ఎక్కలేదు.
వరండాలోనే పడక,
మిగిలినోళ్లం వంతులేసుకొని వండుతున్నాం.
నాగేంద్రమ్మ వంతు శనివారం.
సారు ఆ పూట ఇంట్లో తినడంట, ఎక్కడ తింటాడో.

హాజరుపట్టీ నేను చూడను, భయం.
ఎవరికి ఎర్రసిరా పడిందో రంగవేణే వచ్చి చెప్తుంది.

ఈ రాత్రి లెక్క:
బియ్యం మూడు శేర్లు తక్కువ.
డబ్బు పెట్టెలో ఉంది.
మూడో చెవి తిక్కమ్మ మొలతాటికి కట్టుకొని
గుంటూరు మిరపచేన్లో ఉంది.
ఫోను చేస్తే ఆ చివర్నుంచి దగ్గు, తర్వాత నవ్వు.

పదిహేనో తీర్మానం: తాళం పగలగొట్టడమైనది.
పన్నెండు మెడలు, ఒక ఫోను.